స్కాన్ తర్వాత చేయొచ్చు, ముందు కట్ట విప్పకండి

ప్రశ్న: మా యూనివర్సిటీ పాత రికార్డులతో, చుట్టుపక్కల ఊళ్ల చరిత్రతో ఒక ఆర్కైవ్ పెట్టాలనుకుంటున్నాం. అన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టేస్తే సరిపోదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సరిపోదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఒక్క కాగితం ఉంది. దాని గురించే రాస్తాను.

నేను తెలంగాణలో ఒక పాత కాలేజీ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నిజాం కాలంలో బడిగా మొదలై తర్వాత కాలేజీ అయింది అది. 2009 వేసవి సెలవుల్లో తనిఖీ బృందం వస్తుందని గదులన్నీ ఖాళీ చేయించి సున్నాలు వేయించారు. మెట్ల కింద ఒక చీకటి గది ఉండేది. అందులో ఎర్రగుడ్డ బస్తాల్లో కట్టిన పాత రిజిస్టర్లు ఉండేవి. అన్నీ ఉర్దూలో రాసినవి. ఆఫీసులో ఆ రాత చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. చదవలేని కాగితం చెత్తే అనుకున్నారు. నేను నాలుగు రోజులు పెళ్లికని సెలవు పెట్టాను. తిరిగొచ్చేసరికి గది తెల్లగా మెరిసిపోతోంది. ఫైల్లో ఒక రసీదు ఉంది: 186 కిలోలు, కిలో 7 రూపాయలు, మొత్తం 1,302 రూపాయలు కాలేజీ ఖాతాకు జమ.

అప్పటికప్పుడు అటెండర్‌ని స్కూటర్ ఎక్కించుకుని పాత సామాన్ల దుకాణానికి పరుగెత్తాను. ముందురోజు సాయంత్రమే లారీ వెళ్లిపోయింది. మిగిలినవి దుకాణం వెనక రేకుల షెడ్డులో ఉన్నాయి. అక్కడ చూసింది ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోదు. రిజిస్టర్ల అట్టలు చించి ఒక కుప్ప, లోపలి కాగితాలు ఒక కుప్ప. అట్టకు ఒక రేటు, కాగితానికి ఒక రేటు కదా, వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ ఏ రిజిస్టర్ ఏ సంవత్సరానిదో రాసి ఉండేది ఆ అట్టల మీదే. అంటే ఒక కుప్పలో సంవత్సరాలున్నాయి, పిల్లల పేర్లు లేవు. ఇంకో కుప్పలో పేర్లున్నాయి, సంవత్సరాలు లేవు. కిలో 10 రూపాయల చొప్పున 41 కిలోలు కొనుక్కుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

తర్వాత ఇంకో తప్పు చేశాను. అది నా చేతులారా చేసినది. మంచి ఉద్దేశంతోనే వారం రోజులు కూర్చుని, ఉత్తరాల్లా ఉన్నవి ఒకచోట, హాజరు పట్టీల్లా ఉన్నవి ఒకచోట, లెక్కల్లా ఉన్నవి ఒకచోట సర్దాను. చూడ్డానికి ఎంతో శుభ్రంగా కనిపించింది.

పాతబస్తీలో రిటైరైన ఉర్దూ మాస్టరు ఒకాయన ఉన్నారని తెలిసి వెళ్లి బతిమాలాను. నాలుగు నెలల పాటు ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక మా ఇంటికి వచ్చేవారు. ఆయన పైకి చదివేవారు, నేను తెలుగులో రాసుకునేవాణ్ని. ఒకరోజు ఉత్తరాల కట్టలోంచి అరచేతి వెడల్పున్న ఒక చీటీ తీసి, చదవడం ఆపేసి, కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఒక తండ్రి పెట్టుకున్న అర్జీ అది. ఎవరిచేతో రాయించుకున్నాడు, కింద వేలిముద్ర ఉంది. వానలు లేక పంట పోయిందట. ఫీజుకు నెల రోజులు గడువు ఇప్పించమని, అంతవరకు పిల్లవాడి పేరు రిజిస్టర్లోంచి కొట్టేయొద్దని వేడుకున్నాడు. పక్కన వేరే సిరాతో ఒకే మాట: ‘మంజూర్’. తేదీ దై నెల 12.

నిజాం రాజ్యంలో ప్రభుత్వ ఆఫీసు లెక్కలన్నీ ఫస్లీ అనే పాత క్యాలెండర్‌లో ఉండేవి. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. 1348 ఫస్లీ అంటే 1938-39. దై అందులో ఒక నెల. కానీ ఆ చీటీ మీద సంవత్సరం వేయలేదు. ఎందుకు వేస్తారు? అది కుట్టి ఉన్న రిజిస్టర్ మీద ఎలాగూ ఉంది. మాస్టరుగారు తల ఎత్తి, “ఇది ఏ జిల్దులోది, భయ్యా?” అన్నారు. జిల్దు అంటే కుట్టి అట్ట వేసిన రిజిస్టర్. నేను జవాబు చెప్పలేకపోయాను. నేను సర్దకముందైతే, ఈ చీటీ ఏ కాగితాల పక్కన ఉందో, ఏ దారంతో కుట్టి ఉందో చూసి ఆ జిల్దును వెతికి ఉండేవాణ్నేమో.

ఆ ఒక్క ఏడాది తెలిసుంటే ఏం తెలిసేదో ఆలోచించండి. ఆ కరువు ఏది? ఆ అబ్బాయి చదువు పూర్తి చేశాడా? తర్వాతి ఏడాది హాజరు పట్టీలో అతను ఉన్నాడా? ఇవన్నీ అదే 186 కిలోల్లో ఉండేవి.

అందుకే మీకు చెప్తున్నాను. స్కాన్ చేస్తే బొమ్మ వస్తుంది. ఆ కాగితం ఏ బస్తాలో, ఏ రిజిస్టర్ మధ్యలో, దేని పక్కన ఉండేదో అది చెప్పదు. కట్ట ఎలా ఉంటే అలాగే ఉంచి, ముందు కట్టకు నంబరు వేయండి. గదిలో ఏ అరలో ఉందో ఫొటో తీయండి. ఆ తర్వాతే విప్పండి. స్కానింగ్ మూడేళ్ల తర్వాత చేసినా నష్టం లేదు. ఇక స్కాన్ అయిపోయింది కదా అని అసలు కాగితాలు తూకానికి వేసేవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

యూనివర్సిటీ చరిత్ర అనగానే మనవాళ్లు వైస్ ఛాన్సలర్ల ఫొటోలు, శంకుస్థాపన ఫలకాల దగ్గరే ఆగిపోతారు. జూబ్లీ సావనీర్లు తిరగేయండి, మొదటి నలభై పేజీలు సందేశాలే. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైందని, పుస్తకాలు తర్జుమా చేయడానికి 1917లోనే దారుల్ తర్జుమా పెట్టారని, 1948 తర్వాత ఇంగ్లీషుకు మారారని ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను పంపించేస్తే చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారనీ తెలుసు. కానీ అలా పేరు పోయిన కుర్రాడు ఏ ఊరివాడు, తండ్రి ఏం పని చేసేవాడు, ఫీజు ఎవరు కట్టారు అన్నది అడ్మిషన్ రిజిస్టర్లో చివరి గడిలోనే ఉంటుంది. ఊరి చరిత్ర, యూనివర్సిటీ చరిత్ర వేరు కాదు అనేది అందుకే. మెస్ లెక్కల పుస్తకం, కూలీల మస్టరు, క్యాంటీన్ అప్పుల ఖాతా కూడా మీ ఆర్కైవ్‌లోకి రావాలి.

దీనికి పెద్ద భవనం, కోట్ల నిధులు కావాలంటారు. నేను ఒప్పుకోను. ఉస్మానియా మొదలైన 1918లోనే వేటపాలెం అనే చేనేత ఊళ్లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టారు. ప్రభుత్వం కాదు, ఊరివాళ్లు. దశాబ్దాల నాటి పత్రికలు ఈ రోజుకీ అక్కడ చూడొచ్చు. మరోపక్క హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఎంతో శ్రమపడి పోగేసిన ఉర్దూ పుస్తకాలు 2000 ఆగస్టు వరదల్లో తడిసిపోయాయి. కాబట్టి గది ఎంత మంచిదైనా సరే, నేలకు దగ్గరగా, నీటి పైపు కింద పెట్టకండి.

లామినేషన్ మాత్రం చేయించకండి. మా చుట్టాల్లో ఒకాయన వాళ్ల తాత పట్టా కాగితానికి ప్రేమగా లామినేషన్ చేయించాడు. లోపల చెమ్మ పట్టి అక్షరాలు అలుక్కుపోయాయి, ఇప్పుడు విడదీయడానికి లేదు. సెల్లోటేపూ అంతే, కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. తుప్పు పట్టిన గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు మెల్లగా తీసేయండి, నూలుగుడ్డలో చుట్టండి. ఫొటోల వెనక పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయండి. ఆ పేర్లు చెప్పగలిగేవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. స్కానర్ కొనడానికి కొటేషన్లు పిలిచే ముందే వాళ్ల ఇళ్లకు వెళ్లండి. ఫొటోను వాట్సాప్‌లో పంపుకుని భద్రంగా ఉందనుకోకండి, సైజు తగ్గిపోయి ముఖాలు మసకబారతాయి.

నా దగ్గర మిగిలిన 41 కిలోలు ఇప్పుడు తొమ్మిది నూలు మూటల్లో ఉన్నాయి. అట్టలను కూడా దాచాను. మాస్టరుగారు పోయి ఆరేళ్లయింది. ఆయన చదివింది నాలుగు మూటలే. ఆ చీటీ కవరు మీద పెన్సిల్‌తో ‘దై 12, ఏడాది తెలియదు’ అని రాసి ఉంచాను.

మీరు మొదలుపెట్టాల్సింది మీ స్టోరు గది దగ్గర. సెలవుల్లో సున్నాలు వేస్తారు, ఏప్రిల్ లోపే వెళ్లండి. తాళంచెవి కోసం రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగకండి, అది అందరికంటే పాత అటెండర్ దగ్గర ఉంటుంది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ బస్తా ఏ సెక్షన్ నుంచి వచ్చిందో ముందు రాసుకోండి.