మక్కా మసీదు గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన మక్కా మసీదు వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠకుడిగా చదివి సంతోషించాను. రెండోసారి పెన్సిలు చేతబట్టి చదువుతూ మొదటి పేరాలోనే ఆగిపోయాను. మక్కా నుంచి తెప్పించిన మట్టితో ఇటుకలు చేయించి మధ్య కమానులో పెట్టారనీ, అందుకే మసీదుకు ఆ పేరు వచ్చిందనీ రాశావు. వెంటనే, అదే స్వరంతో, 1694లో ఔరంగజేబు కాలంలో నిర్మాణం పూర్తయిందని రాశావు. మొదటిది హైదరాబాదు తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. రెండోది చరిత్రకారులు నమోదు చేసిన విషయం. ఈ తేడా చూపడానికి పెద్ద వివరణ అక్కరలేదు, మన భాషలో 'అట' అనే చిన్న మాట ఉంది. మక్కా మట్టితో ఇటుకలు చేయించారట. అలా రాస్తే కథకు లోటు రాదు, నీ మాట మీద నమ్మకమూ చెడదు.

అయితే ఆ మాటను వెటకారానికి వాడేవాళ్ళూ ఉన్నారు. నీవు ఆ దారి పట్టకు. పునాది కథనే చూడు. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కుతుబ్ షా నగరంలోని పెద్దలందరినీ పిలిపించి, జీవితంలో ఒక్క నమాజు కూడా తప్పనివాడు ముందుకు వచ్చి పునాదిరాయి వేయాలని కోరాడట. ఎవరూ కదలకపోయేసరికి, అర్ధరాత్రి నమాజు సైతం ఏనాడూ తప్పని తానే ఆ రాయి వేశాడట. ఇది జరిగిందో లేదో తేల్చే పని మనకు లేదు. ఒక ఊరు తన పాలకుడిలో ఏ గుణాన్ని చూడాలనుకుందో ఈ కథలో కనిపిస్తుంది. అది కూడా చరిత్రకు పనికివచ్చే సమాచారమే కనుక, దాన్ని ఆదరంతో రాయి.

ఇక రాతి సంగతి. ఇక్కడ నీవు తొందరపడ్డావు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఈ కట్టడం ఇంకా సాగుతూ ఉండగా చూశాడు. నమాజు దిక్కు చూపే గూడు కోసం ఒకే పెద్ద రాతిని తొలచి తీయడానికి అయిదేళ్ళు పట్టిందనీ, 500 నుంచి 600 మంది నిత్యం పనిచేశారనీ, దాన్ని మసీదు దాకా లాగడానికి 1,400 ఎద్దులు కావలసివచ్చిందని తనతో చెప్పారనీ రాశాడు. గమనించావా? ఎద్దుల లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆ పరదేశి కూడా తనతో చెప్పారనే అన్నాడు. నీ వ్యాసంలో ఆ 'చెప్పారు' జారిపోయి 1,400 మాత్రం మిగిలింది. మరో విషయం, అతడు ఈ మసీదును పగోడా అని పిలిచాడు. అక్కడివాళ్ళ మాట వాడకపోతే ఎంత గొప్ప సాక్షి అయినా సగం పరాయివాడుగానే మిగిలిపోతాడు. నీవు మసీదు ఆవరణలోని నీటి తొట్టి అయిన హౌజును కోనేరు అనకు, ఆ నమాజు గూడైన మిహ్రాబును గర్భగుడితో పోల్చకు. మింబరు (ప్రసంగ వేదిక), వజూ (నమాజుకు ముందు కాళ్ళుచేతులు, ముఖం కడుక్కోవడం), ఖుత్బా (శుక్రవారపు ప్రసంగం) వంటివి తెలుగు పాఠకుడు సందర్భాన్ని బట్టి ఇట్టే గ్రహిస్తాడు.

పని పర్యవేక్షించినవారిలో దరోగా మీర్ ఫైజుల్లా బేగ్ పేరుతో పాటు రంగయ్య చౌదరి పేరు కూడా చెబుతారు. నీవు ఆ పేరును ఒక్క వాక్యంలో దాటేశావు, నాకైతే అక్కడే నిలబడాలనిపించింది. 1617లో మొదలైన పని ముగియడానికి సుమారు 77 ఏళ్ళు పట్టింది. మొదలుపెట్టిన రాజు పోయాడు, అతని కొడుకు అబ్దుల్లా పోయాడు, చివరి సుల్తాను తానీషా బందీ అయ్యాడు, 1687లో గోల్కొండే మొగలుల వశమయింది. రాళ్ళు మోసిన కుటుంబాలలో తాత మొదలుపెట్టిన పనిని మనవడు ముగించి ఉంటాడు. సుమారు 75 అడుగుల ఎత్తున్న ఆ ప్రార్థనాలయాన్ని, దాని కప్పును మోసే 15 కమానులను వర్ణించేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకుంటే, బ్రహ్మాండం, అద్భుతం అన్న విశేషణాలు వాటంతటవే రాలిపోతాయి.

నా తప్పు కూడా చెబుతాను. నీ వయసులో నేను నిజాములందరి సమాధులూ ఈ ప్రాంగణంలోనే ఉన్నాయని ఒక పత్రికలో రాశాను. ఒక పెద్దాయన పోస్టుకార్డు మీద నాలుగు వాక్యాలలో సరిదిద్దారు. మొదటి నిజాము ఖుల్దాబాదులో ఉన్నాడు, చివరివాడైన మీర్ ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీ దగ్గరి జూదీ మసీదులో ఉన్నాడు. మక్కా మసీదులో ఉన్నవి రెండో నిజాము నుంచి ఆరో నిజాము దాకా ఏలినవారివీ, వారి కుటుంబీకులవీ. ఆ వరుసలో నిలబడి పేర్లు చదివి ఉంటే నేను ఆ వాక్యం రాసేవాడిని కాను. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

2007 మే 18 శుక్రవారం గురించి నీవు అసలు రాయలేదు. భక్తి వాతావరణం చెడుతుందని అనుకున్నావేమో. వజూఖానా దగ్గర బాంబు పేలి నమాజుకు వచ్చినవాళ్ళు చనిపోయారు, ఆ తరువాత బయట పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు. ఆ రోజును దాచిపెట్టి మసీదు చరిత్ర రాయలేము. తేదీ, చోటు, జరిగినది రాసి, ఏ విశేషణమూ చేర్చకుండా ముందుకు సాగు. రంజాన్ చివరి శుక్రవారం నాడు లోపల చోటు చాలక, చార్మినార్ దాకా రోడ్డు మీద జానమాజులు పరుచుకుని వరుసలు కట్టే జనాన్ని ఆ పేరా వెనువెంటనే చూపించు. ఆ రెండు పేరాల మధ్య నీవు ఏమీ చెప్పనవసరం లేదు.

వచ్చే వారం, శుక్రవారం కాని రోజున, మధ్యాహ్నపు జొహర్ నమాజు అయిపోయి జనం పలచబడ్డాక ఒకసారి వెళ్ళు. పావురాలకు గింజలు వేసేవాళ్ళతో మాట్లాడు. హౌజు ఒడ్డున రాతిబల్లలు ఉంటాయి. వాటి మీద కూర్చున్నవాడు ఎప్పటికైనా మళ్ళీ వచ్చి కూర్చుంటాడట. అక్కడే కూర్చుని మొదటి పేరా తిరగరాసి నాకు పంపు.