మేత పడవకి ఏ రేకు కొనాలో చెప్తాను విను

శ్రీనూ,

నీ మెసేజ్ చూశాను. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకి అల్యూమినియం మేత పడవలు చేసి అమ్ముదామనుకుంటున్నావు, బాగానే ఉంది. కానీ "మంచి అల్యూమినియం రేకు ఎక్కడ దొరుకుతుంది మావయ్యా" అని అడిగావు చూడు, ఆ మాట పట్టుకుని దుకాణానికి వెళ్తే వాడి దగ్గర ఏది మిగిలిపోయిందో అది అంటగడతాడు. ఉత్త అల్యూమినియం గిన్నెలకి సరిపోతుంది గానీ పడవకి మరీ మెత్తన. అందులో మెగ్నీషియం కలిపితే బలమూ వస్తుంది, ఉప్పునీటికీ తట్టుకుంటుంది. వాటిని 5000 సిరీస్ అంటారు. నీకు కావాల్సినవి రెండే, 5052, 5083. మొదటిదాంట్లో మెగ్నీషియం సుమారు రెండున్నర శాతం, రెండోదాంట్లో 4 నుంచి 4.9 శాతం.

చెరువులో తిరిగే చిన్న పడవకి 5052 చాలు, వంచడం కూడా తేలిక. అంతర్వేది, ఉప్పాడ వైపు నుంచి సముద్రంలోకి వెళ్లే పడవ ఆర్డర్ వస్తే అప్పుడు 5083 తీసుకో, అదీ హెచ్116 టెంపర్ (సముద్రపు నీటికి తగ్గట్టు మిల్లులోనే రేకుని గట్టిపరిచిన తీరు) అని పేరు పెట్టి అడుగు. 6061 అనే ఇంకో రకం చూపించి ఇది ఇంకా గట్టిదండీ అంటాడు దుకాణంవాడు. గట్టిదే, కాదనను, కానీ వెల్డింగ్ పడిన చోట దాని బలం సగానికి పైగా పోతుంది, బిగువుగా మడత పెడితే పగుళ్లిస్తుంది. చట్రానికి, గొట్టాలకి వాడుకో. విమానాలకి వాడే 2024, 7075 రకాల్లో రాగి కలుస్తుంది, ఉప్పునీళ్లలో వాటి జోలికి వెళ్లకు.

ఇనుముతో పోలిస్తే బరువు మూడో వంతే అని అందరూ చెప్తారు, వంగకుండా నిలిచే బిగువు కూడా మూడో వంతే అని ఎవరూ చెప్పరు. అందుకే 3 మి.మీ. ఇనుప రేకు ఉన్నచోట అంతే మందం వేస్తే మేత బస్తా పెట్టగానే అడుగు ఊగుతుంది. 4 మి.మీ. పైన వెయ్యి, లేదా అడుగున పట్టీలు ఎక్కువ పెట్టు. అలా చేసినా బరువు ఇనుములో సగమే వస్తుంది.

ఇక ఆర్గాన్ వెల్డింగ్. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినేది. అల్యూమినియం మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఉంటుంది, లోపలి లోహం 660 డిగ్రీల లోపే కరిగిపోతుంది గానీ ఆ పొర కరగాలంటే 2000 దాటాలి. ఆ పొరని విడగొట్టేది ఏసీ కరెంటే, కాబట్టి ఏసీ మోడ్ ఉన్న మెషినే కొను, చవగ్గా వస్తుందని డీసీ ఒక్కటే ఉన్నది తెచ్చుకుంటే స్టీలు పనికి తప్ప పనికిరాదు. స్టెయిన్‌లెస్ వైర్ బ్రష్ ఒకటి దీనికోసమే విడిగా ఉంచు, ఇనుము గీకిన బ్రష్షూ గ్రైండింగ్ వీలూ దీని దగ్గరికి రానివ్వకు. ఫిల్లర్ రాడ్ (అతుకులోకి కరిగించి పోసే కడ్డీ) 5356 అడుగు. 4043 చక్కగా పారుతుంది కదా అని కుర్రాళ్లు అదే వాడేస్తారు, 5083 లాంటి మెగ్నీషియం ఎక్కువున్న రేకు మీద దాంతో వేసిన అతుకు పెళుసుగా తయారవుతుంది. మన కోనసీమ గాలిలో తేమ నీకు తెలిసిందేగా, రేకు తుడిచి ఆరబెట్టకుండా వెల్డ్ చేస్తే అతుకు లోపలంతా బుడగలే. ఇంకోటి, ఇది ఇనుములాగా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. 5083 హెచ్116 రేకు సాగకుండా 215 మెగాపాస్కల్ (లోహం బలానికి కొలత) దాకా తట్టుకున్నా అతుకు పక్కన అది 125 దగ్గరికి పడిపోతుంది, మళ్లీ వేడి చేసి తెప్పించుకునే దారి లేదు. అందుకని బరువు ఎక్కువ పడే చోట అతుకు రాకుండా రేకు కోత ముందే గీసుకో.

రైతులకి అమ్మేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలి. అదే పడవలో సున్నం బస్తాలు వేసుకుని తిరుగుతారు చూడు, తడి సున్నం ఆ ఆక్సైడ్ పొరని తినేస్తుంది. చెరువు నీళ్లతో భయం లేదు గానీ సున్నం ఒలికితే వెంటనే కడగాలి. మైలుతుత్తం ఇంకా ఘోరం, అందులోని రాగి రేకు మీద చేరి గుంటలు గుంటలుగా తొలిచేస్తుంది. దాన్ని ప్లాస్టిక్ టబ్బులోనే కలపమను. ఇత్తడి బోల్టులు అసలు వద్దు, స్టెయిన్‌లెస్ వేస్తే కింద నైలాన్ వాషర్ పెట్టు. తడి గోనెలు అడుగున వదిలెయ్యొద్దని కూడా చెప్పు.

సముద్రపు పడవకి ఇంజిన్ పెట్టేటప్పుడు 5083 రేకుని పొగగొట్టానికి దూరంగా ఉంచు. 3 శాతం కన్నా మెగ్నీషియం ఎక్కువున్న రేకు 65 డిగ్రీల పైన నెలల తరబడి ఉంటే ఉప్పునీటికి లోపల్నుంచే పగిలిపోయే గుణం వస్తుంది, 5052కి ఆ టెన్షన్ లేదు.

రేకులు తెచ్చాక వానాకాలంలో ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకు, మధ్యలో నీళ్లు చేరి తెల్లమచ్చలు వస్తాయి, నిలబెట్టు. కొనేటప్పుడు మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (రేకులో ఏమేం కలిశాయో మిల్లువాళ్లు పరీక్షించి ఇచ్చే కాగితం) అడుగు, అందులో హీట్ నంబరు (ఏ విడతలో కరిగించి పోశారో చెప్పే నంబరు) రేకు మీద ఉన్నదాంతో సరిపోవాలి. వాడు సర్టిఫికెట్ రేపు ఇస్తానంటే డబ్బు కూడా రేపే ఇస్తానను.

మావయ్య