ఫార్ములా కాలమ్‌కి టోటల్ ఎందుకు రాదు?

ప్రశ్న: కంపెనీ డేటాను ఒకచోట చేర్చే ఎస్‌ఏపీ బీడబ్ల్యూలో, రిపోర్టులు రూపొందించే బెక్స్ క్వెరీ డిజైనర్‌తో చేసిన రిపోర్ట్ ఇది. పరిమాణాన్ని ధరతో గుణించే ఫార్ములా ఒకటి పెట్టాం. ఒక్కో సరుకు వరుసలో విలువ సరిగ్గానే వస్తోంది. టోటల్ వరుసలో పరిమాణం మొత్తం కనిపిస్తోంది, ఫార్ములా కింద మాత్రం అంకె లేదు. ఎక్కడ వెతకాలి?

జవాబు: ముందు ఆ గడిలో ఏముందో సరిగ్గా చూడండి. నక్షత్రం గుర్తు ఉంటే వేర్వేరు కరెన్సీలో కొలమానాలో కలిశాయని అర్థం. అన్నిటినీ ఒకే యూనిట్‌కి మార్చే కన్వర్షన్ పెట్టండి. యూనిట్‌ను పక్కనపెట్టే నోడిమ్ ఫంక్షన్ వాడినా అంకె వస్తుంది, కానీ కిలోలూ పెట్టెలూ కలిపేసిన ఆ అంకె ఎందుకూ పనికిరాదు. ఎక్స్ కనిపిస్తే చాలాసార్లు సున్నాతో భాగహారమే కారణం. భాగహారాన్ని ఎన్‌డివ్‌జీరో ఫంక్షన్‌లో పెడితే అక్కడ సున్నా చూపిస్తుంది.

గడి పూర్తిగా ఖాళీగా ఉంటే ఫార్ములా ప్రాపర్టీస్ తెరిచి, క్యాలిక్యులేషన్స్ ట్యాబ్‌లో 'క్యాలిక్యులేట్ రిజల్ట్ యాజ్' చూడండి. పరిమాణానికి టోటల్ వస్తోంది కాబట్టి రిజల్ట్ రో (టోటల్ వరుస) ఆపేసి లేదు. ఇక్కడ 'సప్రెస్ రిజల్ట్' ఎంచుకుని ఉండొచ్చు.

దాన్ని తీసేయగానే పని అయిపోయిందనుకోకండి. ఏమీ ఎంచుకోకపోతే ఫార్ములా టోటల్ వరుసలో మళ్లీ లెక్కకడుతుంది, పై విలువలను కలపదు. ఒక సరుకు 10 యూనిట్లు, ధర 5. ఇంకోటి 20 యూనిట్లు, ధర 3. వరుసల్లో 50, 60 వస్తాయి. కావలసింది 110. టోటల్‌లో మాత్రం 30 ఇంటూ 8, అంటే 240 వస్తుంది. ఖాళీ గడి కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు.

'సమ్మేషన్' ఎంచుకుంటే 110 కనిపిస్తుంది. అయితే అది తెరమీది మార్పు మాత్రమే. ఈ ఫార్ములాను వాడుకునే ఇంకో ఫార్ములాకి పాత విలువే వెళ్తుంది. డ్రిల్‌డౌన్ (రిపోర్ట్‌ను వరుసలుగా విడదీసే అంశాలు) నుంచి సరుకును తీసేస్తే 240 మళ్లీ ప్రత్యక్షం. నిలబడే మార్గం అగ్రిగేషన్ ట్యాబ్‌లో ఉంది: ఎక్సెప్షన్ అగ్రిగేషన్‌గా 'టోటల్', రిఫరెన్స్ క్యారెక్టరిస్టిక్‌గా (దేని వారీగా లెక్కకట్టాలో చెప్పే అంశంగా) సరుకు. అప్పుడు సరుకు వారీగా గుణించాకే కూడుతుంది. ఒకే సరుకుకి తేదీని బట్టి ధర మారుతుంటే ఇది చాలదు, ధరలు మళ్లీ కూడిపోతాయి. పైగా సరుకులు లక్షల్లో ఉంటే క్వెరీ నెమ్మదిస్తుంది. ఈ రెండిట్లో ఏది ఎదురైనా, డేటా లోడ్ చేసేటప్పుడే ట్రాన్స్‌ఫర్మేషన్‌లో గుణించి విలువను కీ ఫిగర్‌గా (అంకెల ఫీల్డ్‌గా) దాచడం మేలు.

శాతాలకి మాత్రం సమ్మేషన్ వద్దు. 100 అమ్మకంపై 20 లాభం, 200పై 10 లాభం ఉంటే వరుసల్లో 20 శాతం, 5 శాతం వస్తాయి. అసలు టోటల్ 10 శాతం, 25 కాదు. ఇక్కడ మళ్లీ లెక్కకట్టడమే సరైనది.

ప్రశ్న: పవర్ బీఐలో మెజర్ (మనం రాసిన లెక్క ఫార్ములా) అన్ని వరుసల్లో వస్తుంది, టోటల్‌లో ఖాళీ.

జవాబు: మెజర్‌లో, ఒకే విలువ ఉన్నప్పుడే దాన్ని ఇచ్చే సెలెక్టెడ్‌వాల్యూ గానీ, ఒకే విలువ ఉందో లేదో చూసే, హ్యాజ్‌వన్‌వాల్యూతో రాసిన ఇఫ్ గానీ ఉందేమో చూడండి. టోటల్ వరుసలో ఒక్క సరుకు కాదు, అన్నీ ఉంటాయి. కాబట్టి మొదటిది ఖాళీ ఇస్తుంది, రెండోది 'లేకపోతే' భాగం రాయకపోతే అదే చేస్తుంది. ఒక్కోదానికి లెక్కకట్టి కూడే సమ్‌ఎక్స్ లోపల వాల్యూస్‌తో సరుకు కాలమ్ ఇచ్చి, రెండో ఆర్గ్యుమెంట్‌గా పాత మెజర్‌ను పెట్టి కొత్త మెజర్ రాయండి.

ప్రశ్న: ఎక్సెల్ పివట్ టేబుల్‌లో, పరిమాణాన్ని ధరతో గుణించే క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్ గ్రాండ్ టోటల్ కొండంత వస్తోంది.

జవాబు: అది ఎప్పుడూ ముందు కూడి, ఆ తర్వాతే గుణిస్తుంది, మార్చే సెట్టింగ్ లేదు. మూల డేటాలోనే పరిమాణం ఇంటూ ధర కాలమ్ చేర్చి, పివట్‌ను రిఫ్రెష్ చేయండి. కొత్త కాలమ్ ఫీల్డ్ జాబితాలో రాకపోతే, 'చేంజ్ డేటా సోర్స్'లో రేంజ్‌ను ఆ కాలమ్ దాకా పొడిగించండి.