శని ఉపగ్రహాలను చదవాలనుకునే అమ్మాయిని ఏరోస్పేస్‌లో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. గురుడు, శని, వాటి ఉపగ్రహాల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. ఏరోస్పేస్ ఇంజనీరింగులో చేరితే అమెరికా వెళ్లి నాసాలో పనిచేయవచ్చని కన్సల్టెన్సీ వారు అంటున్నారు. నాకేమో కంప్యూటర్ సైన్స్ భద్రమనిపిస్తోంది. రాత్రిళ్లు మేడ మీదే ఉంటోందని బైనాక్యులర్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏరోస్పేస్, కంప్యూటర్ సైన్స్, ఫిజిక్స్ మూడింటినీ పోల్చి చెప్పగలరు. — ఒక తండ్రి

జవాబు: మీరు మూడు కోర్సుల పేర్లు రాశారు గానీ, మీ బెంగ వాటి గురించి కాదు. పదేళ్లు చదివాక అమ్మాయి తన కాళ్ల మీద తాను నిలబడుతుందా, అన్నేళ్లూ ఆ ఖర్చు మనం మోయగలమా అన్నది మీ బెంగ. ఇదే మాటను వేర్వేరు సబ్జెక్టుల పేర్లతో ఎందరో తల్లిదండ్రుల నోట విన్నాను. అందుచేత ప్రవేశ పరీక్షల సంగతి పక్కన పెట్టి, ముందు దానికే జవాబు చెబుతాను.

పరిశోధన అంటే పిల్లకు ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తండ్రి ఫీజులు కట్టే చదువని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన దేశంలో అర్హత పరీక్ష గట్టెక్కి పీహెచ్‌డీలో చేరినవారికి 2023 జనవరి నుంచి కేంద్ర ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం అదనం. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలతో పోలిస్తే ఇది తక్కువే, కానీ ఒక మనిషి ఇంటి మీద ఆధారపడకుండా బతకడానికి చాలుతుంది. మీరు మోయవలసింది మొదటి ఐదేళ్లు మాత్రమే, ఆ ఐదేళ్లు మీరు ఏ కోర్సులో చేర్చినా దాదాపు మోయవలసినవే.

ఇక ఏరోస్పేస్ విషయం. పేరులో ఆకాశం ఉన్నంత మాత్రాన ఆ కోర్సు గ్రహాల దగ్గరకు చేర్చదు. అక్కడ ప్రధానంగా నేర్పేది ఎగిరే యంత్రాన్ని గురించి: రెక్క ఎలా లేపుతుంది, ఇంజిన్ ఎంత తోస్తుంది, ఆ ఒత్తిడిని చట్రం ఎలా తట్టుకుంటుంది. మీ అమ్మాయిని రాత్రి మేడ మీద నిలబెడుతున్న ప్రశ్నలు వేరు. గురుగ్రహం మీద కనిపించే పట్టీల గాలులు ఎంత లోతు వరకు వీస్తున్నాయన్నది అటువంటి ఒక ప్రశ్న. 2016లో అక్కడికి చేరిన జూనో వ్యోమనౌక గ్రహానికి దగ్గరగా దూసుకుపోయిన ప్రతిసారీ దాని వేగంలో వచ్చిన అతి చిన్న తేడాలను రేడియో సంకేతాల నుంచి కొలిచి, వాటి ద్వారా గ్రహపు గురుత్వ క్షేత్రాన్ని గుర్తించి, ఆ గాలులు సుమారు 3,000 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నాయని తేల్చారు. గాలి, నీరు ప్రవహించే తీరును వివరించే ద్రవగతిశాస్త్రం ఏరోస్పేస్‌లోనూ చెబుతారు, కాదనను. కానీ ఈ ఆలోచన మొత్తం నిలబడింది భౌతికశాస్త్రం మీద, గణితం మీద. నౌకను తయారు చేయడమే ఇష్టమైన పిల్లలకు ఏరోస్పేస్ మంచి కోర్సు, వారిని నేనే అటు పంపుతాను. మీ అమ్మాయి అడుగుతున్నది నౌక గురించి కాదు.

నాసా ఉద్యోగమన్న మాటను మాత్రం నమ్మకండి. అక్కడి ప్రభుత్వోద్యోగాలు సాధారణంగా ఆ దేశ పౌరులకే ఇస్తారు. వ్యోమనౌకల ఇంజనీరింగ్ పనులలో చాలావరకు, సాంకేతికత విదేశీయుల చేతికి పోకుండా చూసే ఎగుమతి నియంత్రణ చట్టాల కిందకు వస్తాయి కనుక విదేశీయులకు తలుపులు ఇరుకు. గురుడు, శని యాత్రలకు పేరుపడ్డ నాసా పరిశోధన కేంద్రం జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ కూడా 2024 ఫిబ్రవరిలో సుమారు 530 మందిని తొలగించింది. ఇవేవీ చెప్పకుండా సీటు అమ్మేవారి మాట విని ఇంటిని తాకట్టు పెట్టవద్దు.

ఈ రంగంలో ఏ నైపుణ్యానికి విలువ ఉంటుందో తెలియడానికి 1979లో జరిగినది చెబుతాను. గురుడికి అయో, యూరోపా, గానిమీడ్, కల్లిస్టో అనే పెద్ద ఉపగ్రహాలు ఉన్నాయి. అయో ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలానికి యూరోపాకు రెట్టింపు, గానిమీడ్‌కు నాలుగు రెట్లు పడుతుంది. ఈ లయ వల్ల అయో కక్ష్య పూర్తి వృత్తం కాలేదు. గురుడి ఆకర్షణ దానిని పిండుతూ వదులుతూ ఉంటుంది, ఆ రాపిడికి లోపల వేడి పుడుతుంది. స్టాంటన్ పీల్, పాట్రిక్ కాసెన్, రే రెనాల్డ్స్ అనే శాస్త్రవేత్తలు ఆ వేడిని కాగితం మీద లెక్కకట్టి, అయో లోపల చాలా భాగం కరిగి ఉండవచ్చని మార్చి 2న ప్రచురించారు. నాసా నౌక వాయేజర్ 1 మార్చి 8న తీసిన చిత్రంలో లిండా మొరబిటో అయో అంచున గొడుగులా లేచిన పొగను గుర్తించారు, అది అగ్నిపర్వతం. ఆమె నౌక దారిని సరిచూసే ఇంజనీరు, నక్షత్రాల స్థానాల కోసం ఆ చిత్రాన్ని పరిశీలిస్తున్నారు. ముగ్గురి లెక్క, ఒకరి నిశితమైన చూపు: మీ అమ్మాయి అలవరచుకోవలసినవి ఇవే.

ఇస్రో ఇంతవరకు అంగారకుడిని దాటి నౌకను పంపలేదు, మన దేశంలో గురుడు, శని వంటి భారీ గ్రహాల మీద పనిచేసేవారు కొద్దిమందే. ఈ నిజం అమ్మాయికి కూడా చెప్పండి. అయితే ఈ విద్య మనకు కొత్త కాదు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు తమిళనాడులోని కావలూరులో నెలకొల్పిన వేధశాల నుంచి, 1972లో గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డువచ్చిన వేళ దాని కాంతిని కొలిచి, ఆ ఉపగ్రహానికి పలుచని వాతావరణం ఉన్న ఆనవాలు పట్టారు. ఈనాడు అహ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయం వారు ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే భారీ గ్రహాలను మౌంట్ ఆబూ నుంచి కనిపెడుతున్నారు. కాలం కూడా కలిసివస్తోంది: నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో, యూరప్ అంతరిక్ష సంస్థ నౌక జ్యూస్ 2031లో గురుడిని చేరవలసి ఉంది, జ్యూస్ 2034 చివర గానిమీడ్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాలి. ఆ సమాచారం వచ్చిపడే ఏళ్లలోనే మీ అమ్మాయి పరిశోధక విద్యార్థిని అవుతుంది.

కంప్యూటర్ సైన్స్ గురించి మీరు చాలానే విని ఉంటారు కనుక ఒక్క మాటే చెబుతాను. విజ్ఞానశాస్త్రాల కోసం పెట్టిన కేంద్ర విద్యాసంస్థ ఐసర్ తిరుపతి వంటి చోట ఫిజిక్స్ చదువుతూ ప్రోగ్రామింగు, గణాంక విశ్లేషణ గట్టిగా నేర్చుకున్న పిల్లలు మనసు మారితే డేటా ఉద్యోగాలకు వెళ్లగలరు. కంప్యూటర్ సైన్స్ చదివి తరువాత గ్రహ భౌతికశాస్త్రానికి రావడం అంతకన్నా కష్టం. నా సలహా ఫిజిక్స్.

ఆ తాళం సంగతి కూడా మాట్లాడాలి. పరీక్షల ముందు నిద్ర చెడుతోందని వేళ పెట్టడం తండ్రి చేయవలసిన పనే, దానిని తప్పు పట్టను. వస్తువును దాచివేయడం మాత్రం శిక్ష. తప్పు చేయని పిల్లకు శిక్ష ఎందుకు వేశారు? ఫోను చూస్తూ గడిపే పిల్లల గురించి దిగులుపడే తల్లిదండ్రులు రోజూ నా దగ్గరకు వస్తారు. మీ అమ్మాయి ఆకాశం చూస్తోంది. తీసి ఇచ్చేయండి. గురుడు రాత్రిపూట కనిపించే నెలల్లో రోజూ పావుగంట, బైనాక్యులర్‌ను గోడకు ఆనించి, గ్రహం పక్కన చుక్కల్లా కనిపించే ఉపగ్రహాల స్థానాలను నోటు పుస్తకంలో గీసుకోమనండి. నెల రోజుల బొమ్మలు చేరితే గానిమీడ్ చుట్టుకు ఏడు రోజులకు కొంచెం ఎక్కువ, కల్లిస్టోకు దాదాపు పదిహేడు రోజులు పడుతుందని ఆమె స్వయంగా తేల్చగలదు. మబ్బు పట్టిన రాత్రులు పోయినా, ఎవరూ చెప్పకుండానే ఆ పుస్తకం నిండితే, ఫిజిక్స్ దరఖాస్తు మీద సంతకం పెట్టడానికి మీకు ఇంకెవరి సలహా అక్కరలేదు.