తొమ్మిదో తరగతిలో కోడింగ్ తప్పనిసరా? ముందు ల్యాబ్ చూడండి

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ప్రైవేటు స్కూల్లో, స్టేట్ సిలబస్‌లో తొమ్మిదో తరగతికి వచ్చింది. ఈ ఏడాది నుంచి కోడింగ్ అందరికీ తప్పనిసరి అంటూ స్కూలు వాళ్లు ఫీజు మీద ఇంకో 12 వేలు అడుగుతున్నారు. అమ్మాయికి బైపీసీ మీద ఇష్టం. కోడింగ్ రాకపోతే ముందుముందు ఉద్యోగమే ఉండదని చుట్టుపక్కల వాళ్లు భయపెడుతున్నారు. హైస్కూల్లో ప్రోగ్రామింగ్ నిజంగా అందరూ నేర్చుకోవాలా? డబ్బు కట్టమంటారా, వద్దంటారా? – ఒక తల్లి

జవాబు: హైస్కూల్ దాటేలోగా ప్రతి ఒక్కరూ కొంత ప్రోగ్రామింగ్ చేసి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం. కొంత అంటే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో కలిపి 50 నుంచి 60 గంటలు. అదీ స్కూలు టైములోనే, కీబోర్డు పిల్లల చేతికిచ్చి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఇప్పటికే ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు ఉన్నాయి. వాటికి ఏడోదిగా కోడింగ్‌ను చేర్చి మార్కులు వేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. మార్కులు వచ్చిన మరుసటి రోజే అది 'కంపైలర్ అనగానేమి' అనే రెండు మార్కుల ప్రశ్నగా మారిపోతుంది. పిల్లలు కంప్యూటర్ ముట్టుకోకుండానే పదికి పది తెచ్చుకుంటారు.

బైపీసీ అంటున్న అమ్మాయికి ఇదెందుకు అని మీరు అడగవచ్చు. ఎంపీసీ పిల్లల పరిస్థితి చూస్తే సంగతి తెలుస్తుంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు: మాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. జేఈఈ మెయిన్‌లోనూ ఇవే మూడు సబ్జెక్టులు. ప్రోగ్రామింగ్ ఒక్క ప్రశ్న ఉండదు. అంటే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు కోసం రెండేళ్లు రాత్రీపగలూ చదివే పిల్లల్లో చాలామంది సీటు వచ్చేదాకా పది లైన్ల ప్రోగ్రామ్ కూడా రాసి ఉండరు. బీటెక్ మొదటి ఏడాది 'సీ' అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్‌లో కూర్చున్నాకగానీ ఆ పని తమకు నచ్చుతుందో లేదో తెలియదు. అప్పటికి ఫీజు కట్టేసి ఉంటారు, బ్రాంచ్ మారే దారీ దాదాపు మూసుకుపోతుంది. తొమ్మిదో తరగతిలో ఓ ఇరవై గంటలు కూర్చుని ఉంటే ఆ సంగతి అప్పుడే తేలేది. నచ్చలేదని తెలుసుకోవడం కూడా లాభమే. ప్రతి పిల్లకూ ఆ అవకాశం ఇవ్వాలంటే తప్పనిసరి చేయక తప్పదు. ఇష్టమైనవాళ్లే రండి అంటే, ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలు, ధైర్యంగా ముందుకొచ్చే మగపిల్లలే వస్తారు.

జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరో తరగతి నుంచి కోడింగ్‌తో కూడిన కార్యకలాపాలు పెట్టమని చెప్పింది. ఇంగ్లండ్ 2014 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల వయసు నుంచే కంప్యూటింగ్‌ను పాఠ్యప్రణాళికలో తప్పనిసరి చేసింది. అక్కడ కూడా పదహారేళ్లకు రాసే కంప్యూటర్ సైన్స్ పరీక్ష ఐచ్ఛికమే. మూడేళ్ల తర్వాత రాయల్ సొసైటీ అనే బ్రిటన్ శాస్త్రవేత్తల సంస్థ పరిశీలిస్తే బోధన ఒక్కో స్కూల్లో ఒక్కోలా ఉందని, టీచర్లకు తగిన శిక్షణ లేదని తేలింది. జపాన్ ఇంకో దారిలో వెళ్లి, 2025 జనవరి నుంచి యూనివర్సిటీ ఉమ్మడి ప్రవేశ పరీక్షలోనే దీన్ని ఒక సబ్జెక్టుగా చేర్చింది. మనం ఏ దారి ఎంచుకున్నా ఇంగ్లండ్‌కు ఎదురైన చిక్కే మనకూ ఎదురవుతుంది. ఉత్తర్వు ఒక్క రోజులో వస్తుంది. ఎర్రర్ చూసి ఎక్కడ తప్పిందో చెప్పగల టీచరు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది.

అందుకే మీ 12 వేల సంగతి ల్యాబ్ చూశాకే తేల్చండి. బ్రోషర్ పక్కన పెట్టి ఈ లెక్క వేయండి. వారానికి ఒక 40 నిమిషాల పీరియడ్. సెలవులు, పరీక్షలు పోగా ఏడాదికి 30 పీరియడ్లు దక్కాయనుకుందాం. మొత్తం 20 గంటలు. ఒక్కో కంప్యూటర్‌కు ముగ్గురు పిల్లలైతే మీ అమ్మాయి చేతికి కీబోర్డు అందేది ఏడు గంటల లోపే. అందులోంచి మెషీన్లు ఆన్ అయ్యే టైము, హాజరు తీసే టైము కూడా తీసేయండి. పైగా ముగ్గురు కూర్చున్నచోట కీబోర్డు ఎప్పుడూ ఒకరి దగ్గరే ఉంటుంది, మిగతా ఇద్దరూ చూస్తూ ఉంటారు. చూస్తూ ఉండిపోయేది ఎక్కువగా ఆడపిల్లలే. పది నిమిషాలకోసారి చేతులు మార్చే నియమం పెట్టారా అని టీచర్‌ను అడగండి. పైసా ఖర్చు లేని ఈ ఒక్క నియమం క్లాసు తీరునే మార్చేస్తుంది.

మన విశాఖ ల్యాబులకు ఇంకో జబ్బు ఉంది. సముద్రపు గాలిలోని ఉప్పుకూ తేమకూ కనెక్టర్లు, స్క్రూలు త్వరగా పాడవుతాయి. వేసవి సెలవులంతా తాళం వేసి ఉంచిన ల్యాబ్‌ను జూన్‌లో తెరిస్తే కొన్ని మెషీన్లు ఆన్ కావు, కొన్ని బీప్ మంటూ ఆగిపోతాయి. చాలాసార్లు ర్యామ్ (మెమరీ చిప్పులుండే చిన్న పలక) తీసి, దాని అంచున ఉండే బంగారు రంగు గీతలను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. ప్రతిసారీ తేదీ, టైము తప్పు చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయినట్టు. ఇవి చూసే మనిషి లేని స్కూల్లో అడ్మిషన్ల రోజు 30 ఉన్న కంప్యూటర్లు దసరాకు 18 అవుతాయి. 'ఎన్ని ఉన్నాయి' అని కాదు, 'ఇవాళ ఎన్ని పనిచేస్తున్నాయి' అని అడగండి. వీలైతే క్లాసు జరుగుతుండగా గుమ్మం దగ్గర ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడండి.

టీచర్ సంగతి తెలుసుకోవడానికి ఆయన డిగ్రీ అడగనవసరం లేదు. పిల్లలు ఏం రాస్తారో అడగండి. బ్లాక్‌బోర్డు మీది ప్రోగ్రామ్‌ను రికార్డు పుస్తకంలో ఎక్కించుకోవడమే పని అయితే డబ్బు కట్టొద్దు. పిల్లలు టైప్ చేసి, తప్పు వస్తే సరిదిద్దుకుని, ఎవరి ఫైలు వాళ్ల పేరుతో దాచుకుంటున్నారంటే కట్టవచ్చు. ఏడాది చివర్లో సర్టిఫికెట్ బదులు మీ అమ్మాయి ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇమ్మనండి. ఆమె ముందు ఖాళీ ఫైలు తెరిచి, 'ఒక అంకె అడిగి, సరి సంఖ్యో బేసి సంఖ్యో చెప్పేలా రాయమ్మా' అనండి. పది నిమిషాల్లో రాయగలిగితే ఆ స్కూలు పాఠం చెప్పినట్టే. 'యాప్ తయారుచేశాం' అంటూ మెరిసే బొమ్మలు చూపించి, ఇది మాత్రం రాయలేకపోతే ముందే ఎవరో చేసిపెట్టిన మూసలో రంగులు మార్చించారని అర్థం.

నేర్చుకునేది ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇంట్లో కరెంటు బిల్లు తీసుకోండి. మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాతి 45 యూనిట్లకు 3.00, ఆపై 50 యూనిట్లకు 4.50 రూపాయలు అనుకుందాం. మీ బిల్లులో రేట్లు వేరుగా ఉంటే అవే వేసుకోండి. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వదిలేద్దాం. 100 యూనిట్లకు ఎంత? 30 యూనిట్లకు 57, 45 యూనిట్లకు 135, మిగిలిన 25 యూనిట్లకు 112.50. మొత్తం 304.50. దీన్ని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయమంటే చాలామంది పిల్లలు మొదటిసారి ఇలా రాస్తారు: యూనిట్లు 75 దాటితే మొత్తాన్ని 4.50తో గుణించు. జవాబు 450 వస్తుంది. కంప్యూటర్ ఎర్రర్ చూపించదు, ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పు. చేత్తో లెక్క వేసి చూసిన పిల్లకే ఆ తప్పు దొరుకుతుంది. మంచి టీచర్ ఇక్కడ ఆగి 30, 31, 75, 76 అనే అంకెలు ఇచ్చి చూడమంటాడు. 30కి 57, 31కి 60 రావాలి. 31కి 93 వస్తే శ్లాబు మారేచోట పొరపాటు జరిగినట్టు. ఈ అలవాటు రేపు మందు మోతాదు లెక్కించే నర్సుకూ, ల్యాబ్ రిపోర్టు చూసే డాక్టరుకూ పనికొస్తుంది. ఏఐ అడగ్గానే ప్రోగ్రామ్ రాసిచ్చే ఈ రోజుల్లో దాని అవసరం ఇంకా పెరిగింది. అది ఇచ్చిన 450 తప్పని పట్టుకోవాల్సింది మనిషే.

ఇదే ప్రోగ్రామ్‌లో అందరూ తడబడేచోటు ఇంకొకటి ఉంది. కీబోర్డు నుంచి విలువ అడిగే 'ఇన్‌పుట్' ఆదేశంతో తీసుకున్న 100 పైథాన్ దృష్టిలో అంకె కాదు, అక్షరాల వరుస. దాన్ని 2తో గుణిస్తే 200 రాదు, 100100 వస్తుంది. 30తో పోల్చబోతే టైప్ ఎర్రర్ అని ఆగిపోతుంది. ముందుగా 'ఇంట్'తో అంకెగా మార్చుకోవాలి. 'ఇలా అయితే' అని షరతు పెట్టే ఇఫ్ లైను చివర కోలన్ మరిచిపోతే సింటాక్స్ ఎర్రర్. దాని కింది లైను లోపలికి జరపకపోతే ఇండెంటేషన్ ఎర్రర్. పేరు స్పెల్లింగ్ ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాస్తే నేమ్ ఎర్రర్. కొత్తవాళ్లకు తరచూ తగిలేవి ఈ నాలుగే. తెలుగు మీడియం పిల్లలు ఆ ఎర్ర అక్షరాల ఇంగ్లిష్ చూసి బెదిరిపోయి మానేస్తారు, ప్రోగ్రామింగ్ కష్టమై కాదు. ఈ నాలుగింటికీ కారణం, మందు తెలుగులో రాసి మానిటర్ పక్కన అంటిస్తే సగం భయం పోతుంది.

స్కూల్లో పద్ధతి బాగాలేదనిపిస్తే ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ కొనక్కర్లేదు. ఇంట్లోని ఆండ్రాయిడ్ ఫోనుకు ఓటీజీ కేబుల్‌తో మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించి, పైడ్రాయిడ్ 3 అనే యాప్ వేసుకుంటే పైథాన్ నడుస్తుంది. కీబోర్డు లేకుండా ఫోను తెర మీద మాత్రం వద్దు; బ్రాకెట్లు, కోలన్లు వెతుక్కోవడంలోనే విసుగొస్తుంది. పాత ల్యాప్‌టాప్ కొంటే 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ ఉన్నది చూడండి. డబ్బు ఇచ్చేముందు షాపులోనే ప్రతి కీ నొక్కి చూడండి, చార్జర్ తీసేసి అరగంట నడిపించండి, మూత నాలుగుసార్లు తెరిచి మూసి హింజ్ వదులైందేమో చూడండి. అందులో థానీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయండి. కొత్తవాళ్ల కోసమే తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అది, ఒక్కో లైను నడుస్తుంటే వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) విలువ ఎలా మారుతోందో పక్కన కనిపిస్తుంది. పుస్తకం కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో తెలుగులో పాఠాలు కూడా ఉన్నాయి.

వారానికి రెండు గంటలు చాలు. మొదటి పది గంటలు టైపింగ్, ప్రింట్, ఇన్‌పుట్, లెక్కలు. తర్వాత పది గంటలు ఇఫ్, ఎల్స్. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులకు పదిహేను గంటలు ఇవ్వండి, తొందరపెట్టకండి. ఎక్కువమంది చతికిలపడేది ఇక్కడే. 1 నుంచి 10 వరకు రేంజ్ (అంకెల వరుస ఇచ్చే ఆదేశం) ఇస్తే 9 దగ్గరే ఎందుకు ఆగిందో వాళ్లంతట వాళ్లు తేల్చుకోవాలి. మిగిలిన పదిహేను గంటలు సొంత పని: క్లాసు మార్కుల సగటు, పాల లెక్క, మొక్క ఎత్తు రోజూ నమోదు చేసి గ్రాఫ్ గీయడం. మీ అమ్మాయికి బయాలజీ ఇష్టం కాబట్టి మొక్కతో మొదలుపెట్టించండి. పదో తరగతి మొదలయ్యాక ఆపేయండి.

ఉద్యోగాల భయం గురించి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ (భారీ డేటా సెంటర్) పెడతామని ప్రకటించాక ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఈ మాటే. కానీ డేటా సెంటర్ రోజూ నడవాలంటే సబ్‌స్టేషన్, జనరేటర్లు, చల్లబరిచే యంత్రాలు, కేబుళ్లు చూసేవాళ్లు కావాలి. కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్, మెకానికల్ డిప్లొమా చదివే పిల్లలకు అక్కడ చోటు ఉంటుంది. కోడింగ్ ఒక్కటే దారి అన్న మాట నమ్మకండి.

మీ అమ్మాయిని బైపీసీలోనే చేర్చండి. నీట్‌లో 180 ప్రశ్నలు, ఒక్కటీ ప్రోగ్రామింగ్ కాదు. కోడింగ్ కోసం ఇంటర్ చదువు పాడుచేసుకోవద్దు. రేపు మనసు మారినా దారి ఉంది. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌కు పదో తరగతిలో మాథ్స్, ఇంగ్లిష్ చదివి, ఇంటర్ పాసైతే ఏ గ్రూపువారైనా దరఖాస్తు చేయవచ్చు. ముందు వాళ్లు పెట్టే నాలుగు వారాల కోర్సు చదివి, క్వాలిఫయర్ పరీక్ష దాటాలి.

ఫీజు విషయంలో, ఒక్కసారే కట్టకుండా రెండు విడతలు అడగండి. మొదటి విడత కట్టి, దసరా సెలవుల్లో ఆ సరి–బేసి ప్రోగ్రామ్ రాయించి చూడండి. రాయలేకపోతే పేరెంట్స్ మీటింగ్‌లో ఆ ఖాళీ ఫైలే చూపించి, రెండో విడత ఎందుకు కట్టాలో చెప్పమనండి. మీతోపాటు ఇంకో నలుగురు తల్లిదండ్రులు కూడా అదే అడిగితే స్కూలు వాళ్లు జవాబు చెప్పక తప్పదు.