వెబ్‌హుక్ 200 చూపిస్తుంది, బిల్డ్ మాత్రం మొదలవదు: ఎందుకు?

గిట్‌హబ్‌లో పుష్ చేశారు, వెబ్‌హుక్ (మార్పు జరగ్గానే గిట్‌హబ్ మరో సర్వర్‌కు పంపే కబురు) డెలివరీ పక్కన పచ్చ టిక్ పడింది, బిల్డ్‌లను ఆటోమేటిక్‌గా నడిపే జెంకిన్స్‌లో జాబ్ మాత్రం కదల్లేదు. 200 అంటే సర్వర్‌కు కబురు అందిందని మాత్రమే. ఏ కబురుకు బిల్డ్ నడపాలో తేల్చే ఫిల్టర్ దాన్ని ఒప్పుకుందని కాదు.

బిల్డే మొదలవలేదు కాబట్టి బిల్డ్ లాగ్‌లో ఏమీ దొరకదు. గిట్‌హబ్ వెబ్‌హుక్ సెట్టింగ్స్‌లో రీసెంట్ డెలివరీస్ తెరిచి, రెస్పాన్స్ ట్యాబ్ చూడండి. మీరు జెనరిక్ వెబ్‌హుక్ ట్రిగ్గర్ ప్లగిన్ వాడుతుంటే ప్రతి జాబ్‌కూ ట్రిగ్గర్ అయిందా లేదా, ఏ రెజెక్స్‌ను (ఫిల్టర్‌లో రాసే టెక్స్ట్ నమూనాను) ఏ టెక్స్ట్‌తో పోల్చిందో అక్కడే రాసి ఉంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే సగం టెన్షన్ తీరిపోతుంది.

ఎక్కువగా కనిపించే తప్పు బ్రాంచ్ పేరుది. మనం ఫిల్టర్‌లో మొదలు, చివర గుర్తులు (^, $) పెట్టి ‘మెయిన్’ (main) అని రాస్తాం. పేలోడ్‌లో, అంటే కబురులోని డేటాలో, వచ్చేది ‘రెఫ్స్/హెడ్స్/మెయిన్’ (refs/heads/main). ఎలా కలుస్తాయి? పోనీ అని గుర్తులు తీసేస్తే ‘మెయింటెనెన్స్’ (maintenance) బ్రాంచ్‌కు కూడా బిల్డ్ నడుస్తుంది. పూర్తి రెఫ్ రాసి, గుర్తులు ఉంచడమే నా సలహా.

పోల్చిన టెక్స్ట్ ఖాళీగా ఉంటే తప్పు రెజెక్స్‌ది కాదు, జేసన్ డేటాలోంచి విలువ తీసే జేసన్‌పాత్ ఆ విలువను పట్టుకోలేదన్నమాట. కంటెంట్ టైప్ కూడా చూడండి: ఫారమ్ రకంలో ఉంటే జేసన్ మొత్తం ‘పేలోడ్’ అనే ఫీల్డ్ లోపల దాక్కుంటుంది. దాన్ని అప్లికేషన్/జేసన్‌కు మార్చండి.

సరిచేశాక కొత్త కమిట్ అక్కర్లేదు, అదే డెలివరీని రీడెలివర్ నొక్కి మళ్లీ పంపండి.