10061 వస్తే మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు

ప్రశ్న: ప్రాజెక్టు కోసం ఉబుంటు (లైనక్స్) డెస్క్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వర్ పెట్టాను, అక్కడే కూర్చుని లాగిన్ అయితే బానే ఉంది కానీ అదే వైఫైలో ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ నుంచి ట్రై చేస్తే ఎర్రర్ 2003, చివర 10061 అని వస్తోంది. ఫైర్‌వాల్ ఆపేశాను, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అయినా అంతే. అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌ని ఎక్కడినుంచైనా లాగిన్ అయ్యేలా తెరిచెయ్యమంటున్నారు ఫ్రెండ్స్. చెయ్యొచ్చా?
— బీటెక్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: వద్దండీ, రూట్ జోలికి అసలు పోవద్దు, ఆ ఫైర్‌వాల్ కూడా మళ్లీ ఆన్ చేసెయ్యండి. అసలు విషయం ఆ 10061లోనే ఉంది. ఐపీ కరెక్టుగానే కొట్టారనుకుంటే, మీ రిక్వెస్ట్ డెస్క్‌టాప్ దాకా వెళ్లింది కానీ మైఎస్‌క్యూఎల్ వాడే 3306 పోర్ట్‌లో వినేవాళ్లెవరూ లేక వెంటనే వెనక్కొచ్చేసింది. ఉబుంటు ఫైర్‌వాల్ అడ్డుకుంటే మామూలుగా రిక్వెస్ట్‌ని చప్పుడు చెయ్యకుండా మింగేస్తుంది, అప్పుడు చాలాసేపు వెయిట్ చేయించి 10060 వస్తుంది. లైనక్స్ నుంచి ట్రై చేసేవాళ్లకి ఇవే 111, 110గా కనిపిస్తాయి. పాస్‌వర్డ్ తప్పైతే వచ్చేది 1045, అది వచ్చిందంటే సర్వర్ దాకా చేరినట్టే కాబట్టి కంగారు పడక్కర్లేదు.

మరి అదే మెషీన్‌లో ఎలా పనిచేస్తోందంటారా, లైనక్స్‌లో లోకల్‌హోస్ట్ (అంటే అదే మెషీన్) అంటే మైఎస్‌క్యూఎల్ నెట్‌వర్క్‌ని ముట్టుకోదు, మెషీన్ లోపలే ఉండే సాకెట్ ఫైల్ ద్వారా వెళ్లిపోతుంది. అందుకే అక్కడ లాగిన్ అయినంత మాత్రాన బయటి నుంచి కూడా అవుతుందని అనుకోకూడదు. ఉబుంటు ప్యాకేజీలో మైఎస్‌క్యూఎల్‌డీ.సీఎన్ఎఫ్ అనే ఫైల్లో బైండ్-అడ్రస్ (సర్వర్ ఏ అడ్రస్‌లో వినాలో చెప్పేది) 127.0.0.1 అని ఉంటుంది, అంటే సొంత మెషీన్ మాటే వింటుంది, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా మళ్లీ అదే వస్తుంది. దాన్ని 0.0.0.0, అంటే అన్ని అడ్రస్‌లలోనూ వినేలా చేసి సర్వీస్ రీస్టార్ట్ చెయ్యండి, ఫైర్‌వాల్‌లో 3306ని మీ వైఫై ఐపీ రేంజ్‌కి మాత్రమే అలౌ చెయ్యండి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ (ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి తెరవడం) మాత్రం దయచేసి పెట్టొద్దు, బయట పాస్‌వర్డ్‌లు కొట్టి చూసే స్కానర్లు రోజంతా తిరుగుతూనే ఉంటాయి.

ఇదంతా అయ్యాక చాలావరకు 1130 వస్తుంది, ఈ హోస్ట్‌కి పర్మిషన్ లేదని. అది వస్తే సంతోషించండి, ఎందుకంటే ఇప్పుడు మాట్లాడుతోంది సర్వరే. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరొక్కటే కాదు, ఎక్కడినుంచి వస్తున్నాడన్నది కూడా కలిపే లెక్క. ప్రాజెక్టుకి వేరే యూజర్‌ని క్రియేట్ చేసి, హోస్ట్ దగ్గర మీ ఐపీ రేంజ్ ఇచ్చి, అంటే 192.168.1 అయితే 192.168.1.% అని (% అంటే ఆ చోట ఏదైనా సరే), ఆ ఒక్క డేటాబేస్‌కే గ్రాంట్, అంటే పర్మిషన్ ఇవ్వండి. రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడు డెస్క్‌టాప్ ఐపీ మారొచ్చు, అది మారకుండా రౌటర్‌లో రిజర్వ్ చేసి పెట్టుకోండి.